కత్తికి తగిన ఉక్కు: కోనసముద్రం మూస నుంచి పరిగి కొలిమి దాకా

వ్యాససంగ్రహం:

దక్షిణ భారతదేశపు మూస ఉక్కును గురించి వెలువడిన రచనల్లో అధికభాగం దాని కీర్తిని చెప్పడంతో సరిపెట్టుకొన్నాయి. ఆ ఉక్కును ఎవరు, ఏ పనికోసం, ఏ పరీక్షతో ఎంచుకొన్నారన్న ప్రశ్న వెనకబడిపోయింది. కోనసముద్రంలో ఉక్కు కొన్న పారశీక వర్తకుడు, లండన్‌లో దానితో కత్తి చేసిన పనివాడు, పెనుకొండ–హిందూపురం సీమలో కొడవలి సాగగొట్టే కమ్మరి: ఈ ముగ్గురి ఎంపికలను పక్కపక్కన ఉంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 'అన్నిటికన్న మేలైన ఉక్కు' అనేది లోహంలో మాత్రమే ఉండే గుణం కాదని, లోహానికీ చేతికీ పనికీ మధ్య ఏర్పడే పొందిక అని, మూస ఉక్కు పరిశ్రమ క్షీణతను కూడ ఈ దృష్టితోనే అర్థం చేసుకోవాలని ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలక పదాలు: మూస ఉక్కు, వూట్జ్, కోనసముద్రం, పరిగి, కమ్మరి వృత్తి, పదును, బుకానన్, వాయిసీ, స్టోడార్ట్.

1. ఉపోద్ఘాతం:

శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురానికి సమీపంలో ఉన్న పరిగి ప్రాచీనమైన ఊరు. శాసనాలలోని 'పరువి' ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. క్రీ.శ. 5వ శతాబ్దానికి చెందినదిగా భావిస్తున్న గాంగరాజుల పెనుకొండ తామ్రశాసనం పరువి విషయాన్ని, అక్కడి పెద్ద చెరువు కింది వరిమళ్ళ దానాన్ని పేర్కొంటున్నది. శాసనం భూమిని కొలిచి చెప్పింది, దాతనూ ప్రతిగ్రహీతనూ చెప్పింది. ఆ మళ్ళలో పంటను కోసిన పనిముట్టును చెప్పవలసిన అవసరం దానికి లేదు. అయితే చెరువు కింద వరి పండిన చోట కొడవలి ఉండక తప్పదు. కొడవలి ఉన్న చోట కొలిమి ఉండక తప్పదు.

ఈ ప్రాంతానికి మరొక సాక్ష్యం లేపాక్షి. 16వ శతాబ్దంలో, విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో రూపుదిద్దుకొన్న వీరభద్రాలయపు స్తంభాలూ నంది నల్లరాతిలో చెక్కినవి. మెత్తని ఇనుముతో చేసిన ఉలి గ్రానైటు మీద నాలుగు దెబ్బలకే మొద్దుబారుతుంది. అంటే రాతిపని జరిగిన ప్రతిచోటా ఉలి మొనకు తగిన ఉక్కు, రోజూ ఆ మొనను సాగగొట్టి పదును పెట్టే కమ్మరి ఉండి తీరాలి. ఉక్కు చరిత్ర అనగానే మన మనసు ఖడ్గం మీదికి పోతుంది. కాని ఈ సీమలో ఉక్కు ఎంపికకు నిత్యపరీక్ష పెట్టినవి ఉలి, కొడవలి, గొడ్డలి, మచ్చుకత్తి. ఖడ్గం వాటిలో ఒకటి మాత్రమే.

2. ఇనుము, ఉక్కు, పదును:

ఇనుముకూ ఉక్కుకూ ఉన్న భేదం ప్రధానంగా కర్బనం పాలులో ఉంది. కర్బనం దాదాపు లేని చేత ఇనుము మెత్తన, ఎటు వంచితే అటు వంగుతుంది. కర్బనం 2 శాతం దాటిన పోత ఇనుము గట్టిదే కాని సుత్తిదెబ్బకు పగులుతుంది. ఈ రెంటికీ నడుమ ఉన్నదే ఉక్కు. ఆ నడిమి మేరలోనూ అంచెలున్నాయి. 0.5–0.6 శాతం కర్బనమున్న ఉక్కు దెబ్బకు ఓరుస్తుంది. 1 శాతం దాటిన కొద్దీ అంచు సన్నగా నిలుస్తుంది, అయితే విరిగే గుణం కూడ పెరుగుతుంది.

కత్తి చేసేవాడు కోరే గుణాలు మూడు: అంచు త్వరగా అరగకూడదు, దెబ్బకు చిట్లకూడదు, మొద్దుబారినప్పుడు సానకు సులభంగా లొంగాలి. ఈ మూడూ ఒకే లోహంలో సంపూర్ణంగా కుదరవు. ఒకదాన్ని పెంచితే మరొకటి తగ్గుతుంది. మంగలి కత్తికి మొదటి గుణం ముఖ్యం, ఎందుకంటే అది వెంట్రుకను తప్ప దేన్నీ కొట్టదు. గొడ్డలికి రెండవది ముఖ్యం. రోజంతా పొలంలో ఉండే కొడవలికి మూడవది ముఖ్యం, ఎందుకంటే రైతు దాన్ని గట్టున ఉన్న రాతి మీదనే నూరుకోవాలి.

ఈ సర్దుబాటుకు తెలుగు శ్రామికులు పెట్టుకొన్న మాట 'పదును'. కాల్చిన అంచును నీట ముంచి గట్టిపరచి, మళ్ళీ సన్నని సెగ చూపి దాని పెళుసుతనాన్ని తగ్గించడం కమ్మరి పదును. వాన కురిసిన తరువాత నేల మరీ తడిగానూ మరీ పొడిగానూ కాక విత్తడానికి అనువుగా ఉండే స్థితి రైతు పదును. రెండు చోట్లా అర్థం ఒక్కటే, అతికి పోకుండా పనికి తగిన స్థితిని పట్టుకోవడం. రెంటినీ కన్నుతోనే గుర్తించాలి. సెగ తగిలిన ఉక్కు మీద మొదట ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమ, ఊదా, నీలి ఛాయలు వరుసగా వస్తాయి. గడ్డి రంగు దగ్గర ఆపితే అంచు గట్టిగా ఉంటుంది, నీలి దాకా పోనిస్తే స్ప్రింగులా వంగి లేస్తుంది. ఎక్కడ ఆపాలో నిర్ణయించేది ఆ పనిముట్టు చేయబోయే పని.

3. సరిహద్దుకు ఆవల: బుకానన్ చూసిన మూసలు:

1799లో టిప్పు సుల్తాను పతనమైన తరువాత గవర్నర్ జనరల్ వెల్లెస్లీ ఆదేశంపై ఫ్రాన్సిస్ బుకానన్ 1800–1801 సంవత్సరాలలో మైసూరు, కెనరా, మలబారు ప్రాంతాలలో పర్యటించాడు. ఆయన యాత్రాగ్రంథం 1807లో మూడు సంపుటాలుగా వెలువడింది. 1800లోనే నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాడు. పెనుకొండ సీమ ఆ విధంగా మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చింది. ఆ సరిహద్దుకు ఆవల, పరిగికి నైరుతి దిక్కున ఒకటి రెండు రోజుల బండి ప్రయాణ దూరంలో ఉన్న మధుగిరి, చెన్నరాయనదుర్గం ప్రాంతాలలో వానలకు కొండల నుంచి కొట్టుకువచ్చే నల్లఇసుకను సేకరించి, కడిగి, కరిగించి ఇనుము తీసే పద్ధతిని బుకానన్ వివరంగా నమోదు చేశాడు. రాజకీయంగా ఏర్పడిన గీత కొండలకూ ఇసుకకూ తెలియదు. భాషలోనూ వృత్తిలోనూ ఈ రెండు వైపులూ కలిసిపోయిన నేల ఇది.

ఆయన వర్ణించిన ఉక్కు తయారీ ఇలా సాగింది. మట్టితో శంఖాకారపు మూసను చేసి, అందులో చేత ఇనుప ముక్కను, తంగేడు కట్టె తుంపులను, పచ్చి ఆకులను ఉంచి, మూతిని మట్టితో మూసివేస్తారు. అటువంటి మూసలను కొలిమిలో పేర్చి, బొగ్గు కప్పి, తిత్తులతో గాలి ఊదుతారు. ఒక కొలిమికి 13 మంది పనివారు. మూసలను చేసి, నింపి, పేర్చేవాడు ఒక పెద్ద పనివాడు. మిగిలిన పన్నెండుమంది ముగ్గురేసి చొప్పున నాలుగు జట్లుగా వంతులు మార్చుకొంటారు. ప్రతి జట్టులో ఒకడు నిప్పు చూస్తాడు, ఇద్దరు తిత్తులు ఊదుతారు. తంగేడు కట్టెలోని కర్బనం మూతవేసిన మూసలో ఇనుములోకి ఇంకుతుంది. కర్బనం ఇంకిన కొద్దీ ఇనుము కరిగే వేడి తగ్గుతుంది. అందువల్ల చేత ఇనుము కరగని కొలిమిలోనే ఉక్కు కరిగి ముద్దగా దిగుతుంది. బాగా కరిగి, నెమ్మదిగా చల్లారిన ముద్ద పైభాగాన నడిమి నుంచి అంచుకు సాగే గీతలు కనిపిస్తాయి. కరిగిందో లేదో తెలుసుకోవడానికి పనివాడికి ఆ గీతలే సాక్ష్యం.

ఈ వివరణలో గమనించవలసినది శ్రమ విభజన. పదమూడు మందిలో 'మూస తెలిసినవాడు' ఒక్కడే. మట్టి పాలు, కట్టె తూకం, వేడి ఆపవలసిన క్షణం ఆయన చేతిలో ఉన్నాయి. ఆ ఒక్కని జ్ఞానం కాగితం మీదికి రాకపోవడం వల్లనే కొలిమి ఆరినప్పుడు విద్య కూడ ఆరిపోయింది. ఈ సీమ ఉక్కు కత్తికే కాక తంతికి కూడ పనికివచ్చింది. చెన్నపట్నలో సాగదీసిన ఉక్కు తీగలు వాద్యాల తంతులుగా దూరప్రాంతాలకు పోయేవి. తీగ తెగకుండా సాగాలంటే ఉక్కులో మలినం ఉండకూడదు. కాబట్టి వాద్యకారుని ఎంపిక కూడ ఉక్కు నాణ్యతకు ఒక పరీక్షే.

4. కోనసముద్రం: కొనుగోలుదారు పెట్టిన పరీక్ష:

ఉక్కును ఎంచుకోవడం ఒక వృత్తిగా నడచిన చోటు ఉత్తర తెలంగాణలోని కోనసముద్రం. మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ పరిశీలకుడుగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఈ గ్రామాన్ని దర్శించి రాసిన వివరణ ఆయన 1824లో మరణించిన తరువాత, 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇక్కడ ఉక్కుకు ఒకే ఇనుము వాడలేదు. ఒకటి నల్లఇసుక నుంచి తీసినది, మరొకటి ఎర్రమట్టి నేలల ఖనిజం నుంచి తీసినది. ఈ రెండు రకాల ఇనుమును నియతమైన పాళ్ళలో కలిపేవారు. ఏ ఊరి ఇనుము ఏ పాలులో కలపాలన్నది నియమంగా ఉండడం గమనార్హం. ఉక్కు ఎంపిక మూసలోకి పోకముందే, ముడిసరుకు దగ్గరే మొదలైందన్నమాట.

వాయిసీ అక్కడ ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుణ్ణి చూశాడు. ఆయన ఉక్కు కొనడానికి ఏళ్ళ తరబడి ఆ ఊరికి వస్తూ, ముద్దల తూకాన్నీ పరీక్షనూ దగ్గరుండి చూసుకొనేవాడు. ఇదే ఉక్కును పారశీకంలో తయారుచేయాలని ప్రయత్నించి విఫలమైనట్లు ఆయన చెప్పాడు. ఈ సంబంధం అప్పటికే పాతది. 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పారశీకంలో నీటిరేఖల కత్తులకు పనికివచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని, కొనేవారు ముద్దను రెండుగా నరికి లోపలి గుణం చూస్తారని, ఒక్కొక్క సగం ఒక్కొక్క కత్తికి సరిపోతుందని రాశాడు. ముద్దను నరకడం వల్ల లోపలి బోలు, కరగని ఇనుము బయటపడతాయి. ఇక్కడ ఎంచుకొనేవాడు పేరు చూసి కొనలేదు, కోసి చూసి కొన్నాడు.

ఈ ప్రాంతపు మూసలను 1980వ దశకంలో థెల్మా లోవ్ పరిశీలించారు. మూసమట్టిలో కలిపిన వరిపొట్టు కాలి, మట్టిలోపల ముల్లైట్ అనే ఉష్ణసహ పదార్థం సన్నని పోగులుగా ఏర్పడడానికి తోడ్పడిందని ఆ పరిశోధన చూపింది. వరికోతలో మిగిలిన పొట్టు ఉక్కు కరిగించే పాత్రకు బలమైంది. ఎస్. జైకిషన్ రచనలు, 2010 ప్రాంతంలో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి జరిపిన క్షేత్రపరిశీలన ఉత్తర తెలంగాణలో ఇటువంటి స్థలాల విస్తృతిని వెల్లడించాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 'డమాస్కస్ కత్తులన్నీ మన ఉక్కుతోనే చేశారు' అనే వాక్యం సభల్లో తరచుగా వినిపిస్తుంది. మూస ఉక్కు మధ్య ఆసియాలోని మెర్వ్‌లోనూ, శ్రీలంకలోనూ తయారైనట్లు పురావస్తు ఆధారాలున్నాయి. తమిళనాడులోని మేల్‌సిరువలూరులో శారదా శ్రీనివాసన్ మూస ఉక్కు ఆనవాళ్ళను గుర్తించారు. కోనసముద్రం గొప్పదనం అది ఏకైక స్థలం కావడంలో లేదు. ప్రపంచమార్కెట్టులో ఎంపిక అవకాశమున్న కొనుగోలుదారు సముద్రం దాటి వచ్చి అక్కడే ఏళ్ళ తరబడి నిలవడంలో ఉంది.

5. లండన్ పనివాని ఎంపిక:

1794లో బొంబాయి నుంచి డాక్టర్ హెలెనస్ స్కాట్ కొన్ని ఉక్కు ముద్దలను రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. 1795లో జార్జి పియర్సన్ వాటిమీద ప్రచురించిన పత్రంలో 'వూట్జ్' అనే పేరు అచ్చులోకి వచ్చింది. 'ఉక్కు' అన్న మాటను రాసుకోవడంలోనో చదవడంలోనో జరిగిన పొరపాటు వల్ల ఈ రూపం పుట్టి ఉండవచ్చునని 1886 నాటి హాబ్సన్–జాబ్సన్ నిఘంటువు సూచించింది. తెలుగు, కన్నడ కొలిముల్లో పలికిన మాట లండన్‌కు చేరేసరికి గుర్తుపట్టలేని రూపం పొందింది. ఆ తరువాత అదే శాస్త్రీయ నామమై మనకు తిరిగివచ్చింది.

ఆ ముద్దలలో ఒకదానితో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు ఒక చిన్న కలంకత్తి చేశాడు. చీకటిలో మాత్రమే కనిపించేంత మందమైన ఎరుపు వేడిలో దాన్ని సాగగొట్టవలసివచ్చింది. శ్రమ ఎక్కువైనా దాని అంచు సన్నగా, గట్టిగా, మన్నికగా ఉంటుందని, శస్త్రచికిత్స పనిముట్లకు ప్రత్యేకంగా తగినదని ఆయన అభిప్రాయపడ్డాడు. తరువాతి కాలంలో తన అంగడి ప్రకటనలోనే, ఏళ్ళ తరబడి పోల్చి చూసిన మీదట ఐరోపా శ్రేష్ఠమైన ఉక్కు కన్న ఈ భారతీయ ఉక్కునే తాను ఎంచుకొన్నట్లు అచ్చువేసుకొన్నాడు. వృత్తికారుడు స్వహస్తంతో చేసిన పోలిక కాబట్టి ఈ సాక్ష్యానికి యాత్రికుల ప్రశంసలకు లేని విలువ ఉంది.

మైకేల్ ఫారడే 1819లో ఈ ఉక్కును విశ్లేషించి, స్టోడార్ట్‌తో కలిసి దాని గుణాన్ని ఇతర లోహాల మిశ్రమంతో సాధించడానికి 1820, 1822లలో ప్రయోగాలు ప్రచురించాడు. రష్యాలోని జ్లాతొఊస్త్‌లో అనోసొవ్ 1841లో తన బులాత్ ఉక్కు పరిశోధనలను వెలువరించాడు. కత్తిమీది నీటిరేఖల అసలు కారణం 20వ శతాబ్దం చివరగాని స్పష్టపడలేదు. ఖనిజంలో సహజంగా ఉండే వనేడియం వంటి మూలకాలు అతిస్వల్పంగా ఉన్నా, పదేపదే మందమైన వేడిలో సాగగొట్టినప్పుడు కర్బన సమ్మేళనపు రేణువులు బారులు తీరుతాయని వెర్హోవెన్, పెండ్రే ప్రయోగపూర్వకంగా చూపారు. ఏ ఊరి ఇనుము కలపాలన్న కోనసముద్రపు నియమానికి ఇది దూరం నుంచి దొరికిన సమర్థన. పనివారికి వనేడియం తెలియదు, అయితే ఏ ఖనిజం ఫలితమిస్తుందో తెలుసు.

6. మేలైనది ఎందుకు ఓడిపోయింది?

స్టోడార్ట్ తీర్పు అంత స్పష్టంగా ఉన్నా ఐరోపా కత్తుల పరిశ్రమ వూట్జ్‌ను స్వీకరించలేదు. మొదటి కారణం సాంకేతికం. 1.5 శాతం ప్రాంతపు కర్బనమున్న ఉక్కును తెల్లని వేడిలో కొడితే ముక్కలవుతుంది. షెఫీల్డు పనివారి చేయి అలవాటైన వేడి ఇది కాదు. రెండవ కారణం వాణిజ్యపరమైనది. 1740వ దశకంలో హంట్స్‌మన్ ప్రవేశపెట్టిన మూస పద్ధతి షెఫీల్డులో పెద్దఎత్తున, ఒకే తీరుగా ఉక్కునిచ్చింది. మన ముద్దలు ఒక్కొక్కటీ ఒక్కొక్క తీరు. కోసి చూసి కొనే వర్తకునికి ఆ వైవిధ్యం అడ్డంకి కాదు, వేలసంఖ్యలో ఒకే రకం కత్తులు చేసే కార్ఖానాకు అదే పెద్ద లోపం. మొదటి వ్యవస్థలో నాణ్యత పనివాని కంటిలో ఉంది. రెండవ వ్యవస్థలో నాణ్యత ముద్రలో ఉంది.

మూడవ కారణం పాలనాపరమైనది. 1878 ఆయుధ చట్టం ఖడ్గానికున్న గిరాకీని తుంచింది. 1882 మద్రాసు అటవీ చట్టం బొగ్గుకు ఆధారమైన అడవిని ప్రభుత్వ నియంత్రణలోకి తెచ్చింది. పరిగి ఉన్న అనంతపురం జిల్లా బళ్ళారి నుంచి విడివడి ఏర్పడినది కూడ 1882లోనే. కొత్త జిల్లా పుట్టినప్పుడే దాని కొలిములకు బొగ్గు ప్రియమైంది. ఆ శతాబ్దపు చివరి దశకంలో హిందూపురం మీదుగా రైలు నడిచేసరికి దిగుమతి ఇనుము సంతకు చేరడం సులభమైంది. ఇనుము కరిగించేవారి పని పోయింది. ఇనుమును సాగగొట్టే కమ్మరి మాత్రం నిలిచాడు, ఎందుకంటే కొడవలి మొద్దుబారడం ఆగలేదు.

7. కొలిమి దగ్గరి ఎంపిక:

ఇప్పుడు పల్లె కమ్మరి వాడే ఉక్కు గనినుంచి రాదు, పాతసామాను అంగడి నుంచి వస్తుంది. వేటకొడవలికీ మచ్చుకత్తికీ లారీ కమాను పట్టీ, సన్నని కత్తికి అరిగిన ఆకురాయి లేదా రంపపు పలక, ఉలికి పాత ఇరుసు ముక్క. ఇది పేదరికం వల్ల వచ్చిన అలవాటు మాత్రమే అని తీసివేయడం తొందరపాటు. లారీ పట్టీ ఉక్కులో కర్బనం 0.5–0.6 శాతం ప్రాంతంలో ఉంటుంది. వేల మైళ్ళు బరువుకింద వంగి లేచిన లోహం అది, దెబ్బకు చిట్లదు. ఆకురాయిలో కర్బనం 1 శాతం పైనే, సన్నని అంచు నిలుస్తుంది. కొబ్బరిబోండాలు కొట్టే కత్తికి ఆకురాయి ఉక్కు వాడితే అంచు పలుకులై రాలుతుంది. మంగలి కత్తికి కమాను పట్టీ వాడితే అంచు నిలవదు. కమ్మరి ఈ శాతాలను చదవలేదు. సానరాతి మీద రవ్వల తీరు చూసి, సుత్తి తగిలిన చప్పుడు విని ఏది దేనికో విడదీస్తాడు. మెత్తని ఇనుప ఒడలికి అంచున మాత్రం ఉక్కు పెట్టే పాత పద్ధతి వెనుక కూడ ఇదే లెక్క ఉంది: ప్రియమైన ఉక్కు కోసేచోట ఉంటే చాలు, దెబ్బ ఓర్చవలసింది ఒడలు.

1913లో షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ రూపొందించిన తుప్పుపట్టని ఉక్కు వంటింటి కత్తిని మార్చివేసింది. చింతపండు, నిమ్మపులుపు తగిలినా నల్లబడకపోవడం దాని బలం. అయితే చవకరకం స్టెయిన్‌లెస్ కత్తి మొద్దుబారితే పొయ్యిగట్టు మీద నూరుకొని పదును తెచ్చుకోవడం కష్టం. పాత కత్తిపీట తుప్పుపట్టినా రెండు గీతలకు పదునెక్కేది. ఇంటి ఇల్లాలు తుప్పుకూ పదునుకూ మధ్య చేసిన ఎంపిక కూడ ఉక్కు చరిత్రలో భాగమే.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, మూస ఉక్కు కీర్తికి ఆధారమైనది లోహం ఒక్కటే కాదు, దాన్ని తయారుచేసిన, కోసిచూసిన, మందమైన వేడిలో సాగగొట్టిన మూడు చేతుల ఉమ్మడి జ్ఞానం. ఆ గొలుసులో ఒక కొండి తెగినా మిగిలినవి నిలవలేదు. రెండు, అది నాణ్యతలో ఓడి అంతరించలేదు. నాణ్యతను నిర్ణయించే అధికారం పనివాని కంటి నుంచి కార్ఖానా ముద్రకు మారినప్పుడు అంతరించింది. మూడు, ఖడ్గాన్ని మాత్రమే చూసే చరిత్ర పరిగి వంటి చోట్లను చూడలేదు. మన పరిశోధన మూస ఉక్కు శిథిలాలను వెతుకుతున్న కాలంలోనే, రవ్వను చూసి ఉక్కును గుర్తించే చివరి తరం కమ్మరులు కొలిములు మూసుకొంటున్నారు. విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలు వారి వృత్తిపదాలను, పరీక్షా పద్ధతులను క్షేత్రంలో నమోదు చేయడం తక్షణ కర్తవ్యం. కోనసముద్రంలో మూస తెలిసిన పెద్ద పనివాని మాటను ఎవరూ రాసిపెట్టలేదు. వాయిసీ అక్కడికి పోయి ఉండకపోతే ఆ వర్తకుని మాట కూడ మిగిలేది కాదు.